కారుకి నైట్రస్: వెట్ కిట్టా, డ్రై కిట్టా? ఎలా తేల్చుకోవాలి?

వైజాగ్ గాజువాక ఆటోనగర్‌కి నైట్రస్ కిట్, అంటే ఇంజన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ కొట్టి శక్తి పెంచే సామాను, పట్టుకుని వచ్చేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది" అని. ముందు తేలాల్సింది పెట్రోల్ ఎక్కణ్ణుంచి వస్తుందన్నది.

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను మండదు. ఇంజన్ లోపల సుమారు 300 డిగ్రీల వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమే, దీంట్లో 36 శాతం. దానికి తగ్గ పెట్రోల్ పడకపోతే పిస్టన్ కరిగిపోతుంది. వెట్ కిట్‌లో గ్యాస్, పెట్రోల్ ఒకే నాజిల్‌లోంచి కలిసి వస్తాయి. డ్రైలో నాజిల్ గ్యాస్ ఒక్కటే కొడుతుంది, అదనపు పెట్రోల్‌ని కారు ఇంజెక్టర్లే పోయాలి.

మొదటి పని: బానెట్ ఎత్తి చూడండి. పాత మారుతి 800, అంబాసిడర్ లాంటి కార్బ్యురేటర్ బండి అయితే వెట్టే, ఇంక ఆలోచించకండి. ఇంజెక్టర్లున్న బండి అయితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) చూడండి. ప్లాస్టిక్‌దైతే డ్రై. ఆ గొట్టాలు గాలి కోసం చేసినవి. అందులో పెట్రోల్ గుంట కట్టి, వెనక్కి మంట కొట్టిందంటే మానిఫోల్డ్ పగులుతుంది. అల్యూమినియందైనా నేను డ్రైయే వేస్తాను. "వెట్‌లో పెట్రోల్ వెంటే వస్తుంది, భయం లేదు" అంటారు. ఆ పెట్రోల్ సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) పట్టేస్తే, ఫిల్టర్ పూడుకుపోతే ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, తెలియదు. పైగా ఒక్క నాజిల్ నుంచి నాలుగు సిలిండర్లకీ పెట్రోల్ సమానంగా అందదు. ఇంజెక్టర్ అయితే దేని వాటా దానికే పోస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. డ్రై అని తేల్చుకున్నాక ఇంజెక్టర్ల శక్తి లెక్క కట్టకుండా నాజిల్ ముట్టుకోకండి. ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 5.5 సీసీ పెట్రోల్ కావాలి. 85 హార్స్‌పవర్ బండికి నైట్రస్‌తో వచ్చే 35 కలిపితే 120, అంటే 660 సీసీ. నాలుగు ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోదానికి 165. ఇంజెక్టర్‌ని 80 శాతానికి మించి వాడకూడదు కాబట్టి కనీసం నిమిషానికి 206 సీసీ పోసేది ఉండాలి. లేకపోతే ఇంజెక్టర్లు మార్చండి, లేదా చిన్న జెట్ (నాజిల్‌కి వెళ్లే గ్యాస్‌ని కొలిచి వదిలే రంధ్రం) వేయండి. పంపు కూడా అంత పెట్రోల్ తోయగలదో లేదో ప్రెషర్ గేజ్ పెట్టి చూడాలి. ఈసీయూ మ్యాప్‌లో (ఎప్పుడెంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టికలో) పెట్రోల్ పెంచి, ఇగ్నిషన్‌ని, అంటే ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయాన్ని, రెండు డిగ్రీలు వెనక్కి తియ్యాలి. గాలి, పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటర్ లేకుండా ఈ పని చేసేవాడి దగ్గర కారు వదలకండి.

ఆ లెక్కంతా బాటిల్ ప్రెషర్ సరిగ్గా ఉంటేనే. 900 నుంచి 1,000 పీఎస్ఐ మధ్య ఉండాలి. 20 డిగ్రీల దగ్గర అది 735 దాకానే ఉంటుంది, 36.4 డిగ్రీలకి 1,050కి చేరుతుంది. మే నెల ఎండలో బీచ్ రోడ్డు పక్కన ఆపిన కారు డిక్కీలో ఇంకా పైకి పోతుంది. అదే జెట్‌లోంచి గ్యాస్ ఎక్కువ వస్తుంది, మ్యాప్‌లో పెట్రోల్ మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. చలిదేశాల వీడియోలు చూసి బాటిల్ హీటర్ కొంటారు. వైజాగ్ వేసవిలో కావాల్సింది నీడ, బాటిల్ మీద తడి గోనెసంచి. గేజ్ చూడకుండా వాల్వ్ తిప్పొద్దు.

మిగతావి తేలికే. ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు (వేడిని త్వరగా బయటికి వదిలేవి) వేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, 3,000 ఆర్పీఎం దాటాకే గ్యాస్ తెరుచుకునేలా స్విచ్‌లు కట్టండి. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటే నాజిల్ దాని తరవాతే రావాలి. సముద్రపు గాలికి సోలినాయిడ్ పిన్నులు పచ్చబడతాయి, నెలకోసారి విప్పి తుడవండి.

భీమిలి రోడ్డు మీద, హైవే మీద దీన్ని వాడకండి. ఇలాంటి మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ఆ రోడ్డు మీద మనుషులు నడుస్తుంటారు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ ఉంది. అక్కడికి వెళ్లేదాకా బాటిల్ వాల్వ్ మూసే ఉంచండి.