రుయ్ వెలోజు పాటలు ఏ వరుసలో వినాలి

పోర్చుగల్‌లో రాక్ గురించి మాట్లాడితే ముందు వచ్చే పేరు రుయ్ వెలోజు. అక్కడ ఆయన్ని పోర్చుగీస్ రాక్‌కి తండ్రి అని కూడా పిలుస్తారు. కొత్తగా వినేవాళ్లు యాప్‌లో పేరు కొట్టి, పైన కనిపించే నాలుగు పాటలు వినేసి, నెమ్మదైన ప్రేమ పాటలు పాడే మనిషి అనుకుని వదిలేస్తుంటారు. దయచేసి అలా చేయకండి.

ముందుగా తెలియాల్సింది ఒకటుంది. బాణీ, గిటార్, గొంతు వెలోజువి. మాటలు మాత్రం చాలావరకు కార్లుష్ తె అనే రచయిత రాసినవి, కాబట్టి సాహిత్యం పక్కన పెట్టుకోకుండా వింటే సగమే చేతికొస్తుంది. పాట పేరుకి 'లెత్ర' (letra, అంటే పాట సాహిత్యం) అని రోమన్ లిపిలో జోడించి వెతకండి, మాటలు దొరుకుతాయి. మొదటిసారి ఏమీ చూడకుండా వినండి, రెండోసారి సాహిత్యం, మెషీన్ అనువాదం రెండూ తెరిచి పెట్టుకుని లైన్ లైన్‌కీ ఆపుతూ వినండి. పోర్చుగల్ ఉచ్చారణలో అచ్చులు బాగా మింగేస్తారు, అందుకే రాసి ఉన్నదానికీ వినిపించేదానికీ పొంతన కుదరనట్టు ఉంటుంది. టెన్షన్ పడకండి, రెండు మూడు పాటలకే చెవి అలవాటు పడుతుంది.

మొదలుపెట్టాల్సింది 1986లో వచ్చిన 'పోర్తు సెంతీదు' పాటతో. వెలోజు 1957లో లిస్బన్‌లో పుట్టినా పెరిగింది పోర్తు నగరంలోనే. సెర్రా దు పిలార్ అనే కొండ దగ్గర నది దాటి వచ్చేవాడికి సముద్రం దాకా పరుచుకున్న పాత ఇళ్లు కనబడతాయంటూ ఆ పాట మొదలవుతుంది. మ్యాప్‌లో ఆ నది, అంటే దౌరు, తెరిచి చూసుకుంటూ వింటే ఇంకా బాగుంటుంది.

ఆ తర్వాత వెనక్కి, 1980లోని 'ఆర్ ద రాక్' ఆల్బమ్‌కి వెళ్లండి. పోర్చుగల్‌లో దాదాపు ఐదు దశాబ్దాల నియంతృత్వం 1974లో కూలింది, దానితోపాటే సెన్సార్‌షిప్ కూడా పోయింది, ఆరేళ్లు తిరిగేసరికి ఈ ఆల్బమ్ వచ్చింది. అందులో 'షీకు ఫినీన్యు' అనే పాటలో మత్తుకి అలవాటుపడ్డ ఒక కుర్రాడు అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ పాటల హుషారులో ఊగుతూ కాంతరైరకీ బైషకీ మధ్య తిరుగుతుంటాడు. రెండూ పోర్తులోని నిజమైన పేటలే. వీధిలో మాట్లాడే పోర్చుగీస్‌లో రాక్ పాడొచ్చని, జనం దాన్ని తమదే అనుకుంటారని ఆ పాట చూపించింది. అదే రోజుల్లో యూహెచ్ఎఫ్, జీఎన్ఆర్, షూతుష్ ఇ పొంతపేష్ లాంటి బ్యాండ్‌లు కూడా పైకొచ్చాయి, వాటినీ ఒక్కో పాట విని చూడండి.

ఇక 1990లో వచ్చిన డబుల్ ఆల్బమ్ 'మింగుష్ ఇ ఉష్ సమురాయిష్'. దీనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించండి, షఫుల్ మాత్రం ఆపేయండి, ఎందుకంటే ఇది మొదటి నుంచి చివరిదాకా ఒక కల్పిత బ్యాండ్ కుర్రాళ్ల కథ. అందరికీ తెలిసిన 'ఆ పైషావుం' ఇందులోదే: ఇష్టపడిన అమ్మాయిని రివోలి థియేటర్‌లో కచేరీకి తీసుకెళ్లడానికి, ఆమెకి అది నచ్చదని తెలిసీ, కెంపు ఉంగరం తాకట్టు పెడతాడు అబ్బాయి. విడిగా వింటే మామూలు ప్రేమ పాటే అనిపిస్తుంది. వరుసలో విన్నప్పుడే, తనకి ప్రాణమైన సంగీతం ఆమెను కదిలించలేదన్న బాధ మనకి తగులుతుంది. నా లెక్కలో ఆయన చేసినవాటిలో ఇదే గొప్పది.

1991లోని 'ఆవుతు ద పిమెంత' ఆల్బమ్‌ని తొందరపడి వినకండి. పోర్చుగీసువాళ్ల సముద్రయానాల ఉత్సవాల కోసం అధికారికంగా చేయించిన పని అది, పేరులోనే మిరియాలున్నాయి. ఆ చరిత్ర కొంచెం చదివాక వింటేనే రుచిస్తుంది.

1996లో తీం, జొవావుం జిల్, జోర్జ్ పల్మ, వితురీను అనే మరో నలుగురితో కలిసి చేసిన 'రియు గ్రాంద్' ఆల్బమ్ మాత్రం ఎప్పుడైనా వినొచ్చు. దక్షిణాన అలెంతేజు పల్లెల నుంచి లిస్బన్‌కి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ల పాటలవి, ఎలక్ట్రిక్ గిటార్ హోరు తక్కువ, జానపద వాసన ఎక్కువ. ఇంట్లో రాక్ అంటే ముఖం చిట్లించేవాళ్లుంటే వాళ్లకి ముందు ఇదే వినిపించండి.