మెయిల్ మెర్జ్ నేర్చుకుందాం, 4వ పాఠం: వర్డ్ ఎవరి కోసం ఆగింది?

మెయిల్ మెర్జ్ అంటే ఒకే ఉత్తరాన్ని షీటులో ఉన్న ఒక్కో పేరుకూ విడిగా తయారుచేయించడం. కిందటి పాఠంలో ఎక్సెల్ షీటును వర్డ్ ఉత్తరానికి కలిపాం. పేరు, చిరునామా, బకాయి మొత్తం అనే ఫీల్డులు, అంటే షీటులోంచి నిండే ఖాళీలు, పెట్టాం. ప్రివ్యూలో నాలుగైదు పేర్లు తిప్పి చూసుకుని ఆపాం. 'ఫినిష్ అండ్ మెర్జ్' నొక్కగానే ఉత్తరాలన్నీ వచ్చేసినవాళ్లు ఈ పాఠం దాచిపెట్టుకోండి, ఎప్పుడో ఒకప్పుడు అవసరపడుతుంది. నొక్కగానే తెర పాలిపోయి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడినవాళ్లు మాత్రం ఇవాళే చదవాలి.

నేను హిమాయత్‌నగర్ వైపు ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసే రోజుల్లో ఆరువందల పైచిలుకు ఇళ్లకు ఫీజు ఉత్తరాలు పంపాల్సి వచ్చింది. తెల్లారితే పోస్టులో వెయ్యాలి. సాయంత్రం మెర్జ్ మొదలుపెడితే వర్డ్ హ్యాంగ్ అయింది. ఎండ్ టాస్క్ కొట్టి, అంటే ప్రోగ్రామ్‌ను బలవంతంగా మూసి, మళ్లీ తెరిచాను. మళ్లీ అదే. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఏడెనిమిదిసార్లు అదే పని చేశాను, ఏడుపొక్కటే తక్కువ. మా అటెండర్ పెద్దాయన తాళాలు వేయడానికి వచ్చి, తెర వైపు చూసి, "గిదేంది బిడ్డా, కింద ఎర్రగ కొట్టుకుంటున్నది?" అన్నాడు. టాస్క్‌బార్‌లో ఎక్సెల్ గుర్తు మెరుస్తోంది. దాని మీద నొక్కితే వర్డ్ కిటికీ వెనక ఒక చిన్న బాక్సు ఉంది. ఈ ఫైలులో వేరే ఫైళ్ల లింకులున్నాయి, అప్‌డేట్ చెయ్యాలా వద్దా అని అడుగుతోంది. వద్దన్నాను. వర్డ్ కదిలింది.

అప్పటినుంచి నేను 'హ్యాంగ్ అయింది' అనే మాట దగ్గర ఆగడం మానేశాను. మెర్జ్‌లో వర్డ్ ఒంటరిగా పనిచెయ్యదు. షీటు ఎక్సెల్‌ది, పేజీ కొలతలు ప్రింటరువి, మెయిల్ అయితే పంపేది అవుట్‌లుక్. ఇందులో ఎవరో ఒకరు జవాబివ్వకపోతే వర్డ్ వాళ్ల కోసం నిలబడిపోతుంది. ఎవరి కోసం నిలబడిందో కనుక్కోవడమే ఈ పాఠం.

ముందు మీ కోసమేనేమో చూడండి

ఎండ్ టాస్క్ జోలికి పోకముందు ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కుతూ తెరిచి ఉన్న కిటికీలన్నీ తిప్పండి. మెర్జ్ ఉత్తరాన్ని తెరిచిన ప్రతిసారీ వర్డ్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ డాక్యుమెంట్ తెరిస్తే ఫలానా ఎస్‌క్యూఎల్ కమాండ్ (షీటులోంచి సమాచారం తెచ్చే ఆజ్ఞ) నడుస్తుంది, కొనసాగించాలా అని. ఏ షీటు కావాలో ఎంచుకోమనే బాక్సు ఇంకొకటి. ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటే అదొకటి. ఇవి వేరే కిటికీ వెనక పడితే మీకు కనిపించవు, వర్డ్ మాత్రం మీ జవాబు కోసం కూర్చుని ఉంటుంది. ఎస్‌క్యూఎల్ ప్రశ్న రాకుండా విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మార్చుకునే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. నేను చెయ్యను, మిమ్మల్నీ చెయ్యొద్దంటాను. ఎవరో పంపిన ఉత్తరం మీకు తెలియకుండా ఇంకో ఫైలు తెరవకూడదనే మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆ ప్రశ్న పెట్టారు.

ఎక్సెల్ కోసం అయితే

వర్డ్‌కు ఎక్సెల్ షీటు అందే దారులు ముఖ్యంగా రెండు. పాతది డీడీఈ (డైనమిక్ డేటా ఎక్స్‌చేంజ్). 1987లో విండోస్ 2.0తో వచ్చింది. ఈ దారిలో వర్డ్ నేరుగా ఎక్సెల్‌నే లేపుతుంది, ఫైలు తెరిపించుకుంటుంది, ఒక్కో మాటా అడిగి చెప్పించుకుంటుంది. ఆఫీసులో గుమాస్తాకు ఫోన్ చేసి, ఆయన రిజిస్టరు చూసి చెప్పేదాకా రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడినట్టు. రెండోది ఓఎల్ఈ డీబీ. వర్డ్ 2002 నుంచి మామూలుగా నడుస్తున్నది ఇదే. ఇందులో గుమాస్తాతో పనిలేదు. వర్డ్ తానే రికార్డు రూములోకి వెళ్లి రిజిస్టరు తీసి చదువుకుంటుంది. ఎక్సెల్ తెరుచుకోనే తెరుచుకోదు.

గుమాస్తా పలకని సందర్భాలు చాలా ఉన్నాయి. ఎక్సెల్‌లో ఏదో సెల్‌లో డబుల్ క్లిక్ చేసి, ఎంటర్ నొక్కకుండా లేచిపోయారనుకోండి. ఆ సెల్‌లో కర్సర్ మెరుస్తున్నంతసేపూ ఎక్సెల్ బయటివాళ్లెవరికీ బదులివ్వదు. నేను చూసిన హ్యాంగుల్లో తరచుగా కనిపించింది ఇదే. ఎక్సెల్‌కు వెళ్లి ఎస్కేప్ నొక్కితే చాలు. ఎక్సెల్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద, జనరల్ అనే భాగంలో డీడీఈ వాడే ఇతర ప్రోగ్రాములను పట్టించుకోవద్దనే గడి ఒకటుంది. అందులో టిక్ ఉంటే తీసెయ్యండి.

ఇక నేను చేసిన తప్పు. వర్డ్‌ను ఎండ్ టాస్క్ చేస్తే అది లేపిన ఎక్సెల్ ఆగదు. ఒక్కోసారి కిటికీ కనపడకుండానే నడుస్తూ, ఫైలును పట్టుకునే ఉంటుంది. ఆ రాత్రి నేను తెరిచిన ప్రతిసారీ వెనక ఇంకో ఎక్సెల్ చేరుతూ వచ్చింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మీ పని సేవ్ అయి ఉందని చూసుకున్నాక, మిగిలిపోయిన ఎక్సెల్‌లన్నిటినీ అక్కడ ముగించండి. షీటు ఉన్న ఫోల్డరులో ~$ గుర్తులతో మొదలయ్యే దాచిన ఫైలు మిగిలి ఉంటే, షీటు ఎవరి దగ్గరా తెరిచి లేదని నిర్ధారించుకుని దాన్నీ తీసెయ్యండి.

అదే టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ అనే పేజీకి వెళ్లి, వర్డ్ పేరు మీద కుడి క్లిక్ చేస్తే 'ఎనలైజ్ వెయిట్ చైన్' అని ఉంటుంది. ఆ ప్రోగ్రామ్ ఎవరి కోసం వేచి ఉందో చూపించడానికే దాన్ని పెట్టారు. అన్నిసార్లూ పేరు చెప్పదు. చెప్పిన రోజు మాత్రం గంటల పని నిమిషంలో తేలిపోతుంది.

అసలు డీడీఈకి ఎందుకు మారతాం?

మామూలు దారి ఓఎల్ఈ డీబీ అయినప్పుడు డీడీఈ ఎక్కడినుంచి వచ్చిందని అడగొచ్చు. మనమే తెచ్చుకుంటాం. ముఖ్యంగా హైదరాబాదులో దీనికి ఒక కారణం ఉంది, మన ఇంటి నంబర్లు.

ఎక్సెల్‌లో 3-5-12 అని కొట్టి ఎంటర్ నొక్కండి. మన తేదీల అమరిక ఉన్న సిస్టమ్‌లో అది 2012 మే 3 అవుతుంది. 6-3-1090 అని కొడితే అలాగే నిలుస్తుంది, ఎందుకంటే 1900కు ముందు సంవత్సరాలు ఎక్సెల్‌కు తేదీలు కావు. 8-2-293/ఎ లాంటిది ఎటూ అక్షరాలుగానే ఉంటుంది. ఇలా ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు, కొన్ని అక్షరాలు కలిసిపోతాయి. ఓఎల్ఈ డీబీ దారిలో చదివే ఇంజను మామూలుగా మొదటి 8 వరసలు చూసి, ఈ కాలమ్ తేదీలదా, అంకెలదా, అక్షరాలదా అని తేల్చేసుకుంటుంది. ఆ ఎనిమిదీ తేదీల్లా ఉంటే, కింద వచ్చే 8-2-293/ఎ ఉత్తరంలో ఖాళీగా రావచ్చు. పిన్ కోడ్‌దీ ఇదే కథ. పై వరసల్లో 500038 అని అంకెగా, కింద 500 016 అని మధ్యలో ఖాళీతో కొడితే రెండో రకం మాయమవుతుంది.

అప్పుడు ఎవరో ఒక అన్న వచ్చి, వర్డ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి 'కన్ఫర్మ్ ఫైల్ ఫార్మాట్ కన్వర్షన్ ఆన్ ఓపెన్' టిక్ పెట్టి, డీడీఈ ఎంచుకో అంటాడు. నిజమే, ఖాళీలు పోతాయి, రూపాయల కామాలు కూడా ఎక్సెల్‌లో కనిపించినట్టే వస్తాయి. కానీ ఆ క్షణం నుంచి మీ మెర్జ్ గుమాస్తా ఫోన్ మీద ఆధారపడుతుంది. మా కాలేజీ ఉత్తరాలు అలాగే డీడీఈ మీద నడిచేవి, నాకా సంగతి ఆ రాత్రి దాకా తెలియదు. పైగా తేదీగా మారిపోయిన ఇంటి నంబరు డీడీఈలో కూడా తేదీగానే వస్తుంది.

మందు షీటులోనే వెయ్యాలి. ఇంటి నంబరు, పిన్ కోడ్ కాలమ్‌లను నంబర్లు కొట్టకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. ఇప్పటికే తేదీలైపోయినవి ఫార్మాట్ మారిస్తే తిరిగిరావు, 41032 లాంటి అంకెలు కనపడతాయి. వాటిని మళ్లీ కొట్టాల్సిందే. డబ్బు, గడువు తేదీ కాలమ్‌లకు పక్కన కొత్త కాలమ్ పెట్టి, టెక్స్ట్ ఫార్ములాతో కావలసిన రూపంలోకి మార్చి, ఉత్తరంలో ఆ కొత్త కాలమ్‌నే వాడండి. ఇది చేస్తే డీడీఈ అవసరమే ఉండదు. ఒక పూట పడుతుంది. ఆ పూట తప్పకుండా పెట్టండి.

షీటు పొడవు, బొమ్మ బరువు

మీ షీటులో కంట్రోల్ పట్టుకుని ఎండ్ నొక్కండి. 640 పేర్లున్న షీటులో కర్సర్ 640 దగ్గరలో ఆగాలి. పదిలక్షల చిల్లర వరసకు దూకిందంటే, ఎవరో అడుగు వరస దాకా సెల్‌లకు గీతలో రంగో వేసి ఉండొచ్చు. ఒక షీటులో 10,48,576 వరసలుంటాయి. వాటిలో ఖాళీవాటిని కూడా వర్డ్ పేర్లుగా లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు. కింది ఖాళీ వరసలను వరస నంబర్ల మీద ఎంచుకుని కుడి క్లిక్ చేసి డిలీట్ అనాలి. కీబోర్డు మీది డిలీట్ నొక్కితే రాత మాత్రమే పోతుంది, వరస అలాగే ఉంటుంది. సేవ్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే, అసలు సమాచారాన్ని మాత్రమే కాపీ చేసి కొత్త ఫైలులో పేస్ట్ వాల్యూస్‌గా వెయ్యండి. వాట్సాప్‌లో వచ్చిన షీటయితే ముందు ఎక్సెల్‌లో తెరిచి, ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కి, కొత్త పేరుతో సేవ్ చేసుకున్నాకే కలపండి.

ఛత్తా బజార్‌లో చేయించిన పెళ్లి కార్డు డిజైన్‌ను వర్డ్ పేజీ వెనక బొమ్మగా పెట్టి, 500 పేర్లకు మెర్జ్ చెయ్యాలని చూసేవాళ్లున్నారు. మెర్జ్ ఫలితం ఒకే డాక్యుమెంటులో పేరుకొక సెక్షన్‌గా వస్తుంది. అంత బరువైన బొమ్మతో అన్ని సెక్షన్లంటే మెషిన్ మొరాయిస్తుంది. కార్డు ప్రెస్సులో వేయించి, పేరూ చిరునామా మాత్రం కవరు మీద మెర్జ్ చెయ్యండి. బొమ్మ తప్పదంటే కంప్రెస్ చేసి, 1 నుంచి 50, 51 నుంచి 100 అని విడతలుగా లాగండి. ఏదో ఒక విడతలోనే ఆగితే తప్పు ఆ యాభై పేర్లలో ఉందని కూడా తెలిసిపోతుంది.

మిగిలినవాళ్లు

ప్రింటరు: వర్డ్ పేజీ అమర్చేటప్పుడు డిఫాల్ట్ ప్రింటరును అడుగుతుంది. అది నెట్‌వర్క్‌లో ఉండి కరెంటు పోయి ఆగి ఉంటే, మీరు ప్రింట్ కొట్టకపోయినా వర్డ్ మొద్దుబారవచ్చు. డిఫాల్ట్‌ను 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్'కు మార్చి చూడండి.

ఫైలుండే చోటు: షేర్డ్ ఫోల్డరు, వన్‌డ్రైవ్, పెన్ డ్రైవ్ వద్దు. డెస్క్‌టాప్ కూడా చాలా సిస్టమ్‌లలో వన్‌డ్రైవ్‌లోనే ఉంటుంది, కాబట్టి సీ డ్రైవ్‌లో విడిగా ఫోల్డరు చేసుకుని ఉత్తరం, షీటు రెండూ అందులో పెట్టండి.

అవుట్‌లుక్: ముందే తెరిచి ఉంచండి. వర్డ్‌ను 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా, అవుట్‌లుక్‌ను మామూలుగా తెరిస్తే వాటి మధ్య మాట సాగదు.

ఇవేవీ కాకపోతే వర్డ్‌కు తగిలించిన యాడ్-ఇన్‌లను, అంటే అదనపు చిన్న ప్రోగ్రాములను, అనుమానించండి. కంట్రోల్ పట్టుకుని వర్డ్ గుర్తు మీద నొక్కితే సేఫ్ మోడ్‌లో, అంటే యాడ్-ఇన్‌లు లేకుండా, తెరవాలా అని అడుగుతుంది. అందులో మెర్జ్ సాఫీగా నడిస్తే, యాడ్-ఇన్‌లు ఒక్కొక్కటే ఆపుతూ దోషి ఎవరో పట్టుకోవచ్చు.

ఇంటి పని

అయిదు పేర్లతో ఒక నకలు షీటు చెయ్యండి. దాన్ని కావాలనే డీడీఈ దారిలో కొత్త ఉత్తరానికి కలిపి, సేవ్ చేసి, వర్డ్ మూసెయ్యండి. ఇప్పుడు ఎక్సెల్‌లో ఆ షీటు తెరిచి, ఒక సెల్‌లో డబుల్ క్లిక్ చేసి అలాగే వదిలేసి, వర్డ్‌లో ఆ ఉత్తరం తెరవండి. వర్డ్ నిలబడిపోతుంది, లేదంటే డీడీఈ కనెక్షన్ కుదరలేదని చెబుతుంది. ఎక్సెల్‌కు వెళ్లి ఎస్కేప్ నొక్కి, తిరిగి వర్డ్‌కు రండి. కదిలిందో లేదో మీ కళ్లతో చూడండి. తరవాత అదే షీటును ఓఎల్ఈ డీబీ దారిలో కలిపి, తేడా గమనించండి.

మీ అసలు షీటులో కంట్రోల్ ఎండ్ ఏ వరస దగ్గర ఆగిందో నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. 5వ పాఠం ఆ అంకెతోనే మొదలుపెడతాం.