ఎప్పుడు పూయాలో మొక్కకెలా తెలుస్తుంది? – 4వ పాఠం: తెగిన చీకటి

పోయిన పాఠంలో చామంతిని 'చిన్న పగలు మొక్క' అన్నాను. వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఉన్న పేరే, పగలు చిన్నవయ్యాక పూసేదని అర్థం. అది చదివి మీలో చాలామంది కుండీని తీసుకెళ్లి మెట్ల కింద పెట్టేశారు. మీరు పంపిన ఫోటోల్లో కాడలు సాగిపోయి, ఆకులు పాలిపోయి, మొక్కంతా వెలుతురు వైపు వాలిపోయింది. ఇక మొగ్గల మాట దేవుడెరుగు. ఈసారి చెబుతానన్న మామిడి పూత వచ్చే పాఠానికి వాయిదా. ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

చిన్న పగలు అంటే ఎండ తగ్గించమని అర్థం కాదు. లెక్క గంటలది. ఉన్న పగలంతా ఎండ దండిగా తగలాలి, లేకపోతే మొగ్గ కట్టడానికి మొక్కకు తిండేది? మెట్ల కింద పెట్టినవాళ్లు ఈ రోజే కుండీని బయటికి తెండి. ఒక్కసారిగా నడి ఎండలో మాత్రం పెట్టకండి.

నిజానికి మొక్క కొలిచేది రాత్రిని. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మీద పనిచేసి, పూతకు పగటి పొడవుతో సంబంధం ఉందని చూపించారు. 'చిన్న పగలు' అన్న పేరు అప్పటిది. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగితో ఇంకో అడుగు వేశారు. మన ఖాళీ స్థలాల్లో బట్టలకు ముళ్లకాయలు అంటించే కలుపు మొక్కే ఇది. పగటిపూట కాసేపు చీకట్లో ఉంచితే దానికి ఏమీ కాలేదు. రాత్రి మధ్యలో కాసేపు వెలుగు చూపిస్తే పూత ఆగిపోయింది. అంటే ఎడతెగని చీకటి ఎన్ని గంటలన్నదే అసలు లెక్క. ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే పదార్థం ఎర్రని కాంతిని పసిగడుతుంది. తెల్లగా కనిపించే ఎల్‌ఈడీలోనూ ఎరుపు ఉంటుంది. ఈ పాఠానికి ఇంత చాలు.

"రాత్రి ఫోన్ టార్చ్ వేసి మొగ్గ వచ్చిందా అని చూశాను, చెడిపోయిందా?" అని టెన్షన్ పడుతున్నవాళ్లకు: ఏమీ కాదు. మరులమాతంగి చీకటి ఉపవాసం మహా కఠినం, ఒక్క బిస్కెట్ తిన్నా, అంటే కాస్త వెలుగు తగిలినా, చెడినట్టే. చామంతి అంత పట్టింపున్నది కాదు. పూత ఆపాలనుకున్న పెంపకందార్లు కూడా దానికి రాత్రి 10 నుంచి 2 దాకా బల్బులు వెలిగిస్తారు. మీ కొంప ముంచేది టార్చ్ కాదు, రాత్రంతా వెలిగే బాల్కనీ లైటు. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో వీధిలైటు సరిగ్గా రెయిలింగ్ ఎత్తులో ఉంటుంది, అదీ అంతే.

ఆ దెబ్బ తగిలిన మొక్కను గుర్తుపట్టడం తేలికే. కొమ్మ చివర బఠాణీ గింజంత మొగ్గ వచ్చి అక్కడే ఆగిపోతుంది. దాని చుట్టూ సన్నగా, అంచుల్లో చీలికలు లేకుండా, పట్టీల్లాంటి చిన్నాకులు వస్తాయి. మొగ్గ కిందనుంచి పక్కకొమ్మలు మొలిచి దాన్ని దాటి పైకి పోతాయి. మొగ్గ మొదలవడానికి సరిపడా చీకటి దొరికింది, ఎదగడానికి దొరకలేదన్నమాట. పూల మందు డబ్బాలు కొనేది సరిగ్గా ఇక్కడే. డబ్బు దండగ, లైటు ఆర్పండి.

ఇంకో మాట. చీకటిని కొలిచేది ఆకు, పూసేది కొమ్మ కొస. సోవియట్ యూనియన్‌లో చైలాఖ్యాన్ అనే శాస్త్రవేత్త 1930ల్లో ఇది నిరూపించింది చామంతితోనే. పైన ఆకులు తీసేసి, కింది ఆకులకు మాత్రం పొడవు రాత్రులు ఇస్తే పైన పూలు వచ్చాయి. ఆ కబురు మోసేది ఎఫ్‌టీ అనే ప్రోటీన్ అని 2007లో తేలింది. అందుకని 'శుభ్రంగా ఉంటుంది' అని ఆకులు గిల్లేయకండి.

హైదరాబాద్‌లో జూన్ 21న పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు 21న 11 గంటల పైన కొద్ది నిమిషాలు. రెండు గంటల తేడానే! అయినా చాలు. బతుకమ్మ వేళకు గునుగు పూయడం వెనకా ఈ లెక్క ఉంది. గోంగూరదీ అదే దారి: జూన్‌లో చల్లితే నెలల తరబడి ఆకు కోసుకోవచ్చు, అక్టోబరులో చల్లితే ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది. పచ్చడి కోసం పెంచేవాళ్లకు నా సలహా, వానల మొదట్లోనే చల్లుకోండి. కంది కూడా అంతే. వానాకాలపు దీర్ఘకాలిక రకాలు మనిషిని దాటి పెరుగుతాయి, అవే ఆలస్యంగా వేస్తే పొట్టిగా ఉండగానే పూస్తాయి. గులాబీ, టమాటాలకు ఈ గొడవ లేదు. మల్లెకు కావలసింది చలికాలం చివర కత్తిరింపు. దాన్ని అట్టపెట్టెలో పెట్టినవారు దయచేసి బయటికి తీయండి.

పెట్టె అంటే గుర్తొచ్చింది. చామంతికి పొడవు చీకటి ఇవ్వడానికి నల్ల పాలిథిన్ కవరు కప్పడం నాకు నచ్చదు, లోపల ఉక్కపోస్తుంది, వేడికి పూత ఇంకా ఆలస్యమవుతుంది. వాషింగ్ మెషీన్ అట్టపెట్టె బోర్లించండి, అంతకంటే మంచిది లేదు. అడుగున వెలుగు దూరకుండా పాత చీర చుట్టండి.

అభ్యాసం: ఒకే తల్లి మొక్క కొమ్మలతో నాటిన రెండు చామంతి కుండీలు తీసుకోండి. రెంటినీ సాయంత్రం 6 నుంచి పొద్దున 8 దాకా వేర్వేరు పెట్టెల కింద ఉంచండి. రెండో పెట్టెలో చిన్న ఎల్‌ఈడీ బల్బు, టైమర్ ప్లగ్ పెట్టి రాత్రి 10 నుంచి 2 దాకా వెలిగేలా చూడండి. మొదటి కుండీ మొగ్గల్లో రంగు కనిపించేదాకా ఒక్క రోజు కూడా మానకూడదు, పండక్కి ఊరెళ్లినా సరే. పక్కింటివాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టుకోండి.