ప్లైవుడ్ ముక్కలు కలవనప్పుడు: మేకర్ ప్రాజెక్టుల్లో సమస్య – పరిష్కారం

కంప్యూటర్ తెర మీద కాకతీయ కళాతోరణం నమూనా ముచ్చటగా నిలబడుతుంది. ప్లైవుడ్‌లో కోసి తెచ్చాక మాత్రం స్తంభం గాడిలో దూరదు, దూరినా ఊగుతుంది. వెంటనే అందరూ మెషీన్‌ను తిడతారు. వరంగల్, హనుమకొండ విద్యార్థులు తమ ల్యాబ్‌లో కోసుకున్నా, సైన్‌బోర్డులు చేసే దుకాణంలో లేజర్ మీద కోయించుకున్నా తప్పు వెతకాల్సిన వరుస ఒకటే: ముందు షీటు, తర్వాత ఫైలు, ఆఖరున మెషీన్.

జాయింట్ వదులుగా ఉంది, లేదా అసలు దూరడం లేదు

దుకాణంలో 3 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ నిజంగా 3 ఉంటుందని నమ్మకండి. 2.7 ఉండవచ్చు, 3.2 ఉండవచ్చు. ఒకే షీటులో ఈ అంచుకూ ఆ అంచుకూ తేడా రావచ్చు. దానికి తోడు, లేజర్ గీత వెంట కొంత చెక్కను కాల్చి తీసేస్తుంది. ఆ కోత వెడల్పే కెర్ఫ్. పలుచటి ప్లైవుడ్‌లో అది సాధారణంగా 0.1 నుంచి 0.3 మి.మీ. ఉంటుంది. గాడిని 3 మి.మీ.కు గీశారనుకుందాం. కెర్ఫ్ 0.2 అయితే కోశాక గాడి 3.2 అవుతుంది. షీటు 2.7 అయితే అర మిల్లీమీటరు సందు మిగులుతుంది. అంత సందును ఫెవికాల్ నింపుతుందేమో గానీ, పట్టు ఇవ్వదు.

ముందు వెర్నియర్ కాలిపర్‌తో షీటును నాలుగు మూలల్లో, మధ్యలో కొలవండి. కెర్ఫ్ తెలియాలంటే ఒక్కొక్కటి 10 మి.మీ. వెడల్పున పది ముక్కలు గీసి, కోసి, పక్కపక్కన పేర్చి కొలవండి. 100 రావాల్సింది 98 వస్తే, తగ్గిన 2ను పదితో భాగించండి: కెర్ఫ్ 0.2. తర్వాత అదే షీటు చివరి ముక్కలో 2.4 నుంచి 3.1 వరకు 0.1 తేడాతో వరుసగా గాళ్లు కోసి, ఏది చేతి ఒత్తిడితో బిగుతుగా పడుతుందో చూడండి. ఆ అంకెనే డిజైన్‌లో వాడాలి. ఫ్రీక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో గాడి వెడల్పుకు ఒక పేరు పెట్టుకుని గీస్తే, కొత్త షీటు వచ్చినప్పుడు ఒక్క అంకె మారిస్తే చాలు, గాళ్లన్నీ మారతాయి. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది. అది దండగనుకునేవారే తర్వాత పూర్తి షీటు దండగ చేసుకుంటారు.

బిగుతుగా ఉన్న జాయింట్‌ను సుత్తితో కొట్టకండి, పొరలు విడిపోతాయి. అంచును ఉప్పు కాగితంతో ఒకటి రెండు సార్లు రుద్ది చూడండి.

మొత్తం బొమ్మే చిన్నదిగానో పెద్దదిగానో వచ్చింది

ఇది కొలతల ప్రమాణం తేడా. ఎన్ని రెట్లు మారిందో చూస్తే కారణం దొరుకుతుంది. 25.4 రెట్లు తేడా ఉంటే మిల్లీమీటర్లను అంగుళాలుగా, లేదా అంగుళాలను మిల్లీమీటర్లుగా చదివారు. 75 శాతానికి తగ్గితే ఫైలు రాసిన సాఫ్ట్‌వేర్ అంగుళానికి 72 చుక్కల లెక్క వాడింది, తెరిచిన సాఫ్ట్‌వేర్ 96 లెక్కన చదివింది. 93.75 శాతానికి తగ్గితే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పాత ఫైలును అనుమానించండి. 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌కు ముందు అది అంగుళానికి 90 లెక్కన రాసేది. ప్రతి ఫైలులో ఒక మూల 100 మి.మీ. చదరం గీసి పెట్టండి. కోసే ముందు దుకాణదారుతో ఆ చదరాన్నే కొలిపించండి.

పొద్దున తెగిన షీటు మధ్యాహ్నం తెగడం లేదు

మన ఏప్రిల్, మే నెలల్లో ఇది మామూలే. కార్బన్ డయాక్సైడ్ లేజర్ గొట్టం నీటితో చల్లబడుతుంది. బకెట్టు, చిన్న పంపుతో నడిచే మెషీన్లలో ఎండలకు నీరు 30 డిగ్రీలు దాటితే లేజర్ శక్తి పడిపోతుంది. చాలామంది పవర్ పెంచుతారు. దానివల్ల గొట్టం ఆయుష్షు తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు. మూత గట్టిగా బిగించిన సీసాల్లో నీరు గడ్డకట్టించి బకెట్టులో వేయండి, లేదా కోతలు పొద్దునే పెట్టుకోండి. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం ఉంటే ఈ బాధే లేదు. వానాకాలంలో మాత్రం నీటిని మరీ చల్లబరిస్తే గొట్టం మీద తేమ పడుతుంది, అది మరో ప్రమాదం. బోరు నీళ్లు పోయకండి, లోపల గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

రోజంతా అక్కడక్కడ మచ్చల్లాగే తెగకపోతే తప్పు షీటుది. లోపలి పొరల్లో జిగురు ముద్దలున్నాయి, లేదా షీటు వంగి ఫోకస్ తప్పింది. బరువులు పెట్టి పరచండి.

తెగలేదు కదా అని, ప్లైవుడ్ బదులు చవకగా దొరికే పీవీసీ ఫోమ్ బోర్డును లేజర్ కింద పెట్టవద్దు. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకూ హాని, మెషీన్ లోహపు భాగాలకూ తుప్పు. డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపినది) పేరుతో అమ్మే పలకల్లోనూ చాలావాటిలో పీవీసీ ఉంటుంది. ఏ పదార్థమో తెలియకపోతే కోయకండి.

రౌటర్ మీద లోపలి మూలలు గుండ్రంగా వచ్చాయి

రౌటర్ అంటే వేగంగా తిరిగే బిట్ అనే కోత పనిముట్టుతో చెక్కను కోసే మెషీన్. బిట్ గుండ్రం, అందుకే లోపలి మూల చదరంగా రాదు. 6 మి.మీ. బిట్ లోపలి మూలలో 3 మి.మీ. వ్యాసార్థం వదులుతుంది. మూలల్లో బిట్ కొద్దిగా బయటికి చొచ్చుకుపోయేలా గీయండి, లేదా ఉలితో మూల తీయండి. రెండోది నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

రౌటర్ కోసిన అంచు నల్లబడింది

బిట్ చెక్కను కోయకుండా రుద్దుతోంది. నిమిషానికి 18,000 చుట్లు, రెండు అంచుల బిట్, నిమిషానికి 1,800 మి.మీ. ముందుకు కదిలే వేగం ఉంటే ఒక్కో అంచు తీసేది 0.05 మి.మీ. మాత్రమే. పొట్టు బదులు పిండి రాలుతుంది. మెషీన్ తట్టుకుంటే వేగం పెంచండి, లేదా చుట్లు తగ్గించండి. అప్పటికీ నల్లబడితే బిట్ మొద్దుబారింది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి వంటి మెత్తని చెక్కకైతే కొత్త బిట్టే వాడండి, మొద్దు బిట్ దాని మీద నూగు లేపుతుంది.

తోరణం పైనున్న పక్షుల మెడలు విరిగిపోయాయి

చెక్క నార సన్నని భాగానికి అడ్డంగా వెళ్తే అది తేలికగా విరుగుతుంది. ముక్క తిప్పి, నార మెడ పొడవునా వెళ్లేలా ఫైలులో పేర్చండి. మూడు పొరల ప్లైవుడ్‌లోనూ బయటి రెండు పొరల (పైది, కిందిది) దిశే ఎక్కువ పని చేస్తుంది. ఇంకా విరిగితే సన్నని భాగాన్ని లావుగా గీయండి. రాతి శిల్పం పలుచదనం 3 మి.మీ. చెక్కలో రాదు.

వేసవిలో చేసిన టేకు పెట్టె మూత వానాకాలంలో పడటం లేదు

టేకు పలక తేమకు వెడల్పు వైపు ఉబ్బుతుంది, పొడవు వైపు దాదాపు కదలదు. నాలుగు వైపులా జిగురుతో అతికించిన పలక ఉబ్బే చోటు లేక వంగుతుంది, ఎండాకాలంలో కుంచించుకుని పగులుతుంది. పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా కూర్చోబెట్టి, అంచుల్లో కొంచెం ఖాళీ వదలండి. స్క్రూతో బిగించాల్సి వస్తే పలక వెడల్పు దిశగా రంధ్రాన్ని పొడుగ్గా చేసి, కింద వాషర్ వేయండి.