కౌన్సిలర్ ఇంటికి కంప్యూటర్, ఇంటర్నెట్: మున్సిపాలిటీ నిధులతో ఇప్పించడం ఎలా?

రేపు పదకొండు గంటలకు కౌన్సిల్ సమావేశం. ఈ సాయంత్రం ఏడు దాటాక అటెండర్ మోపెడ్ మీద వచ్చి, పిన్ను కొట్టిన ఎజెండా కాగితాలను గుమ్మంలో అందించి, సంతకం తీసుకుని వెళతాడు. నలభై అంశాలు, వాటి వెనక బిల్లుల పట్టికలు. జిరాక్సుకు జిరాక్సు తీసినవి కావడంతో మూడు ఏదో ఎనిమిది ఏదో తెలియదు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు వాటిని చదివి, మర్నాడు ప్రశ్నలు అడగాలి. చివరికి చాలామంది చేసేది చెయ్యెత్తడం ఒక్కటే.

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల మున్సిపాలిటీల్లో లెక్కల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. చిట్యాల, హాలియా, చండూరు లాంటివి మొన్నమొన్నటి దాకా పంచాయతీలు. ఇప్పుడక్కడ కూడా ఇంటి అనుమతి, ఆస్తి పన్ను, ఫిర్యాదు అన్నీ ఆన్‌లైన్‌లోనే. వార్డు జనం అడిగేది కౌన్సిలర్‌ను, సమాధానం ఉండేది కంప్యూటర్లో. అందుకే సభ్యులకు ఇంట్లో కంప్యూటర్, ఇంటర్నెట్ ఇవ్వాలన్న ఆలోచన విలాసమేమీ కాదు. అయితే పద్ధతి తప్పితే అదే ఆడిట్ అభ్యంతరంగా మారి మెడకు చుట్టుకుంటుంది.

ముందు ఎవరికి ఏం లేదో రాసుకోండి

వార్డుకో వరుస పెట్టి ఒక పట్టిక గీయండి. ఇంట్లో పనిచేసే కంప్యూటర్ ఉందా, ఫోను మాత్రమే ఉందా, ఫైబర్ లైను గడప దాకా వస్తుందా, సిగ్నల్ ఇంటి లోపల అందుతుందా. అచ్చంపేట వైపు నల్లమల అంచున ఉన్నవారికి, దేవరకొండలో శివారు తండా నుంచి గెలిచినవారికి ఈ చివరి ప్రశ్నే అసలైనది. లైను రాని చోట ల్యాప్‌టాప్ ఇస్తే అది బీరువాలోకి వెళుతుంది.

ఖర్చు లెక్క

మాట వరసకు 24 వార్డుల మున్సిపాలిటీ అనుకుందాం. ఆరుగురికి ఇప్పటికే కంప్యూటర్ ఉంది. మిగిలిన 18 మందికి పన్నుతో కలిపి ఒక్కొక్కటి రూ.40,000 చొప్పున ల్యాప్‌టాప్ కొంటే రూ.7,20,000 అవుతుంది. ఇంటర్నెట్ అందరికీ కావాలి. నెలకు రూ.600 ప్లాన్ తీసుకుంటే 18 శాతం జీఎస్టీతో రూ.708. అంటే 24 మందికి ఏడాదికి రూ.2,03,904, అయిదేళ్ల పదవీకాలానికి రూ.10,19,520.

మళ్లీ చూడండి. యంత్రం కంటే తీగ ఖరీదు ఎక్కువ. కౌన్సిల్లో మాత్రం గంటసేపు వాదన ఏ కంపెనీ ల్యాప్‌టాప్ కొనాలన్న దాని మీదే నడుస్తుంది; నెలనెలా పోయే డబ్బు గురించి ఎవరూ అడగరు. మొదటి ఏడాది బడ్జెట్‌లో పెట్టి రెండో ఏడాది మరిచిపోతే, జూన్‌లో కనెక్షన్లన్నీ తెగిపోతాయి. కాబట్టి అయిదేళ్ల లెక్కనూ మొదటి రోజే కౌన్సిల్ ముందు పెట్టే నోట్‌లో రాయండి.

డబ్బు ఏ పద్దు నుంచి?

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో మిగులు కనిపిస్తే చేతులు దురద పెడతాయి. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో ఒక భాగం తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి వాటికే కట్టుబడినది. మిగతా భాగం కూడా జీతాలు, కార్యాలయ నిర్వహణ కోసం ఇచ్చింది కాదు. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పోవాలి, దాన్ని తాకకూడదు. ఎంపీ గారిని అడుగుదామనేవారూ ఉంటారు. ఎంపీకి ఏడాదికి రూ.5 కోట్ల నియోజకవర్గ నిధులున్న మాట నిజమే, కానీ వాటితో వచ్చే ఆస్తి పదిమందికీ ఉపయోగపడాలి, ఒకరి ఇంటికి పోకూడదు.

ఇక మిగిలేది మున్సిపాలిటీ సాధారణ నిధి, అంటే మనం వసూలు చేసుకున్న పన్నులు, ఫీజులు. కార్యాలయ ఖర్చుల కింద దీనికి విడిగా ఒక పద్దు పెట్టమని కమిషనర్‌ను అడగండి. సభ్యుల మీద పెట్టే ఖర్చు కనుక, ముందుగా పురపాలక శాఖ సంచాలకుల కార్యాలయానికి లేఖ రాసి రాతపూర్వకంగా అనుమతి తెప్పించుకోవడం మంచిది. ‘ఫోన్‌లో సరేనన్నారు’ అన్న మాట ఆడిటర్ ముందు చెల్లదు.

సిబ్బంది జీతాలు, కరెంటు బిల్లులే పెండింగ్‌లో ఉన్న మున్సిపాలిటీ అయితే ఈ పథకాన్ని పక్కన పెట్టండి. ఆఫీసులో సభ్యుల కోసం ఒక గది, అందులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్ ఏర్పాటు చేసి, ఎజెండాను వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా పంపించినా సగం పని అవుతుంది. పారిశుద్ధ్య కార్మికుడికి రెండు నెలల జీతం రాని ఊళ్లో కౌన్సిలర్‌కు ల్యాప్‌టాప్ ఇవ్వడాన్ని నేను ఒప్పుకోను.

తీర్మానం రాయడం

‘టేబుల్ ఎజెండా’గా చివరి నిమిషంలో పెట్టకండి. తమ సౌకర్యాలు తామే ఆమోదించుకుంటున్నారన్న విమర్శ ఎలాగూ వస్తుంది. ఇంగ్లాండ్‌లో స్థానిక కౌన్సిళ్లకు 2003 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, సభ్యుల భత్యాలపై సిఫారసు చేయడానికి కౌన్సిలర్లు కాని వారితో, కనీసం ముగ్గురితో ఒక స్వతంత్ర కమిటీ ఉండాలి. మన దగ్గర ఆ నిబంధన లేదు. అయినా ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్‌ను, ఒక బ్యాంకు మేనేజర్‌ను, ఒక మహిళా సంఘం నాయకురాలిని కూర్చోబెట్టి, అంచనా చూపించి, వారి అభిప్రాయాన్ని తీర్మానానికి జతచేయడానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు.

తీర్మానం ఇలా ఉండవచ్చు:

“వార్డు సభ్యుల అధికారిక విధుల నిమిత్తం 18 ల్యాప్‌టాప్‌లను రూ.7.20 లక్షలకు మించకుండా సాధారణ నిధి నుండి కొనుగోలు చేయుటకు, అవి మున్సిపాలిటీ ఆస్తిగానే కొనసాగుటకు, పదవి ముగిసిన 15 రోజులలోగా తిరిగి అప్పగించుటకు, ఇంటర్నెట్ ఖర్చును నెలకు రూ.708 మించకుండా రసీదుపై చెల్లించుటకు, ప్రభుత్వ అనుమతికి లోబడి ఆమోదించడమైనది.”

‘మున్సిపాలిటీ ఆస్తిగానే’ అన్న ముక్క ఒక్కటి వదిలేసినా అది బహుమతి అవుతుంది.

కొనేటప్పుడు

ప్రభుత్వ ఈ-మార్కెట్ పోర్టల్, అంటే జెమ్ ద్వారా కొనండి. ఏ సభ్యుడి బంధువుల దుకాణం నుంచీ వద్దు. మున్సిపాలిటీ కాంట్రాక్టులో సభ్యుడికి స్వప్రయోజనం ఉంటే పదవికే ఎసరు. మూడేళ్ల వారంటీ, మెకానిక్ ఇంటికే వచ్చి బాగుచేసే షరతు అడగండి. లేకపోతే కీబోర్డులో ఒక మీట ఊడినా హైదరాబాద్ బస్సెక్కాలి.

ఏ యంత్రంలోనైనా సరిగా కనిపించే తెలుగు యూనికోడ్‌లో టైప్ చేసే ఏర్పాటు ముందే పెట్టించండి. మన ఆఫీసుల్లో చాలా ఫైళ్లు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే ఉన్నాయి. ఆ ఫాంట్ లేని యంత్రంలో అవి తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఎజెండాను పీడీఎఫ్‌గా పంపితే ఈ బాధ ఉండదు. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ మాత్రం ఆగిపోతుంది. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కూడా అంచనాలో చేర్చండి.

ఇంటర్నెట్‌కు నగదు భత్యం ఇవ్వకండి. సభ్యులు బిల్లు కట్టి, మూడు నెలలకోసారి రసీదులిస్తే, పరిమితి మేరకు ఆఫీసు చెల్లించాలి. పిల్లలకు సినిమాల కోసం పెద్ద ప్లాన్ కావాలంటే తేడా సొంత జేబులోంచే.

ఎవరి చేతికి?

మన మున్సిపాలిటీల్లో సగం స్థానాలు మహిళలవి. ల్యాప్‌టాప్ అందుకోవడానికి మాత్రం భర్త వస్తాడు. “ఆమెకు ఇవన్నీ తెలియవు సార్, నాకివ్వండి” అంటాడు. ఇవ్వకండి. సంతకం ఆమెది, పాస్‌వర్డ్ ఆమెది, శిక్షణలో కుర్చీ ఆమెది. రెండు మధ్యాహ్నాలు చాలు: మెయిల్ తెరవడం, పీడీఎఫ్‌లో పదం వెతకడం, వార్డు పన్ను బకాయిలు చూడటం. ఒక చోట శిక్షణ తర్వాత ఒకావిడ, మూడేళ్లుగా తన వీధి పేరుతో బిల్లులు పాసైన బోరు మరమ్మతు గురించి నిండు సభలో అడిగింది. ఆ వీధిలో బోరే లేదు!

జనం ఆధార్ జిరాక్సులు, పింఛను దరఖాస్తులు ఈ యంత్రాల్లో చేరతాయి. ఇంట్లో అందరూ వాడే పాస్‌వర్డ్ పెట్టుకోవద్దని మొదటి రోజే గట్టిగా చెప్పండి.

రిజిస్టర్

యంత్రం ఆఫీసు గడప దాటకముందే స్టాక్ రిజిస్టర్‌లో సీరియల్ నంబరు, ధర, సభ్యుల పేరు, ఇచ్చిన తేదీ ఎక్కాలి. పోయినా పగిలినా ఏం చేయాలో రాసిన హామీ పత్రం మీద సంతకం పడాలి. నేను పనిచేసిన ఒక చోట ఇది చేయలేదు. ఆడిట్ వాళ్లు వచ్చి ‘యంత్రాలు చూపించండి’ అన్నారు. రెండు రోజులు ఇంటింటికీ తిరిగాం. ఒకటి ఒక సభ్యుడి అల్లుడి జిరాక్స్ షాపులో దొరికింది, పైన పసుపు బొట్టు, పక్కన అగరుబత్తి స్టాండుతో సహా. రెండు అసలు దొరకలేదు. వాటి రికవరీ మొత్తాన్ని సంతకాలు పెట్టిన గుమాస్తా మీద రాశారు.

ఏడాదికోసారి మార్చిలో అందరినీ యంత్రాలతో ఆఫీసుకు రమ్మని సీరియల్ నంబరు సరిచూడండి. పదవి ముగిసినప్పుడు, లేదా మధ్యలో రాజీనామా చేసినప్పుడు, డేటా తుడిచి, రిజిస్టర్‌లోని చివరి గడిలో తిరిగి ఇచ్చిన తేదీ వేసి ఇద్దరూ సంతకం చేయాలి. ఆ గడి ఖాళీగా ఉన్నవారికి బకాయి లేదన్న ధ్రువపత్రం ఇవ్వకండి, ఎన్నికల నామినేషన్ రోజు వచ్చి ఎంత బతిమాలినా సరే.