కారుకు పెట్రోలు: ఆక్టేన్ సంగతి తర్వాత, ముందు నీళ్లు, కల్తీ చూడండి

తిరుమల కొండకు బయలుదేరే ముందు పవర్ పెట్రోలా, మామూలుదా అని చాలామంది తర్జనభర్జన పడతారు. పెట్రోలు మూత లోపలి స్టిక్కరు గానీ, కారుతో ఇచ్చిన పుస్తకం గానీ చూస్తే తేలిపోతుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న మామూలు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకే ప్రమాణం ప్రకారం ఆక్టేన్, అంటే ఇంజను టకటక కొట్టకుండా ఆపే గుణానికి వేసే అంకె, 95 ఉండాలి. పుస్తకంలో 91 అని రాసిన కారుకు ఖరీదైనది పోయించినా ఇంజను బలం పెరగదు. ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే మందు అందులో కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే.

ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను టకటక కొడితే మొదట గేరు తగ్గించండి. ఎత్తులో పెద్ద గేరులో ఈడ్పిస్తే మంచి పెట్రోలుతోనూ కొడుతుంది. గేరు తగ్గించినా ఆగకపోతే ఇంజనులో కార్బన్ పేరుకుందేమో చూపించండి. కిరోసిన్ కలిసినా ఆక్టేన్ పడిపోయి ఇలాగే కొడుతుంది.

అనుమానం వస్తే బంకులో ఫిల్టర్ పేపర్ అడగండి. ఇవ్వనంటే కుదరదు. నాజిల్ మూతిని తుడిచి, ఒక్క చుక్క వేసి 2 నిమిషాలు ఆగండి. మంచి పెట్రోలు మరక లేకుండా ఆరిపోతుంది. లేత గులాబీ ఛాయ మిగిలితే అది రంగే, భయం లేదు. నూనె మరకలా నిలిచిందంటే కిరోసినో, డీజిలో కలిసి ఉండొచ్చు. డెన్సిటీ కూడా చూడొచ్చు: జాడీలో హైడ్రోమీటరు (డెన్సిటీ కొలిచే గొట్టం), థర్మామీటరు ముంచి, వచ్చిన అంకెను పట్టిక చూసి 15 డిగ్రీలకు మార్చాలి. అది బంకు రిజిస్టరులోని అంకెకు (ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని రాస్తారు) 3 కిపైగా ఎక్కువగానో తక్కువగానో ఉంటే తప్పు. పట్టిక చూడకుండా మన ఎండలో తీసిన అంకెను నేరుగా పోల్చి గొడవపడితే మీరే ఓడిపోతారు, వేడికి డెన్సిటీ ఎలాగూ తగ్గుతుంది.

ఈ పరీక్షల్లో ఫిల్టర్ పేపర్‌కు నీళ్లు దొరకవు. మా చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో అసలు ఇబ్బంది అదే. ఈ20లోని ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. భూమిలోని ట్యాంకులోకి నీళ్లు మరీ ఎక్కువ దిగితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి చేరతాయి. అందుకే పెద్ద వాన పడ్డ మర్నాడు నీళ్లు నిలిచే పల్లపు బంకుల జోలికి పోకండి. ట్యాంకరు దించుతుంటే కూడా ఆగండి, అడుగున ఉన్న మడ్డి కదులుతుంది. అమ్మకం జోరుగా సాగే బంకులో సరుకు నిలవ ఉండదు.

పోయించుకున్న కాసేపటికే కారు జర్కులిస్తూ ఆగిపోతే సెల్ఫు మళ్లీ మళ్లీ కొట్టకండి, నీళ్లు పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా పోతాయి. టో చేయించి ట్యాంకు ఖాళీ చేయించండి. దింపిన దానిలో కొంత మెకానిక్ చేత గాజు సీసాలో పట్టించి 15 నిమిషాలు కదల్చకుండా ఉంచితే అడుగున నీటి పొర కనిపిస్తుంది. బిల్లు, ఆ సీసా రెండూ ఉంటేనే ఆయిల్ కంపెనీ దగ్గర మీ మాట నిలుస్తుంది.

కొలత మీద అనుమానముంటే ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రలో పట్టి చూపమనండి. 25 మిల్లీలీటర్ల తేడా వరకు చెల్లుతుంది. అది దాటితే తూనికలు కొలతల శాఖకు చెప్పండి. నాజిల్ తానుగా ఆగాక రౌండు ఫిగరు కోసం ఇంకా పోయించకండి. ఎక్కువైన పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

2023 ఏప్రిల్‌కు ముందు కొన్న కార్లలో రబ్బరు గొట్టాలు ఉబ్బాయా, పగిలాయా అని సర్వీసింగ్‌లో చూపించండి. ఈ20తో మైలేజీ కాస్త తగ్గితే దాన్ని కల్తీ అనుకోకండి, ఇథనాల్‌కు పెట్రోలంత శక్తి ఉండదు.

చిత్తూరు నుంచి తమిళనాడులోని కాట్పాడి వైపో, కర్ణాటక సరిహద్దులోని నంగిలి దాటో వెళ్లి చవకగా పోయించుకొనేవాళ్లకు ఒక మాట: ఆ తేడా పన్నులది. అక్కడి పెట్రోలు తక్కువ రకమేమీ కాదు, అయినా ఫిల్టర్ పేపర్ అక్కడా అడగొచ్చు.