ఇంట్లో గేయం పలికిద్దాం – మూడో పాఠం: కొంగ ఆగినంతసేపు

కిందటి పాఠంలో చెప్పినట్టు కొంగను చూడటానికి పిల్లను కాలువ గట్టుకు తీసుకెళ్లారా? ఇంకా కుదరకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది కానివ్వండి. మన కోనసీమలో కొంగ కోసం దూరం పోనక్కర్లేదు. అయితే దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనక గుంపుగా తిరిగే కొంగలు మనకు పనికిరావు. అవి పురుగుల కోసం హడావిడి పడుతుంటాయి. నీటి అంచున ఒంటరిగా నిలబడి, చేప కోసం కాచుకునే కొంగ కావాలి. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకు నీళ్లు ఆపేశాక, గుంటల్లో మిగిలిన నీళ్ల దగ్గర చూడండి. పది నిమిషాలు మీరేమీ చెప్పకుండా పిల్లనే చూడనివ్వండి.

ఐదారేళ్ల పిల్లల కోసం నేను కట్టిన నాలుగు పాదాలివి:

కాలువ గట్టున తెల్లని కొంగ
కదలక మెదలక నిలిచిన కొంగ
నీటిని చూసెను, చేపను చూసెను
టప్పున పొడిచెను, ఎగిరెను కొంగ!

ముందు చప్పట్లు. పాదానికి నాలుగు దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. ఒత్తు ముందున్న అక్షరానికీ, సున్న ఉన్న అక్షరానికీ కూడా రెండే. ఈ లెక్క మీకోసం, పిల్లకు చెప్పక్కర్లేదు. కాలువ, గట్టున, తెల్లని అన్నీ నాలుగేసి మాత్రలు. ‘కొంగ’ ఒక్కటే మూడు. మిగిలిన ఆ ఒక్క మాత్రలో పిల్ల ఊపిరి తీసుకుంటుంది.

మూడో పాదం చివర ఆ ఖాళీ లేదు. అందుకే చాలామంది పిల్లలు ఆ ‘చూసెను’ను సగం మింగేసి నాలుగో పాదంలోకి జారిపోతారు. ఈ వారం మన కష్టమంతా ఇక్కడే.

తాళం ప్రకారమైతే అక్కడ ఆగకూడదు. కానీ కొంగ ఆగుతుంది కదా! పొడిచే ముందు మెడ వెనక్కి లాక్కుని, నీళ్లలోకి చూస్తూ బిగుసుకుపోతుంది. ఈ రెండింటిలో నేను కొంగ మాటే వింటాను. ‘చేపను చూసెను’ అనగానే మీరు చప్పట్లు ఆపేయండి. “నువ్వు చూసిన కొంగ ఎంతసేపు ఆగిందమ్మా? అంతసేపు ఆగు” అనండి. ఒకటి, రెండు అని లెక్కపెట్టించకండి. లెక్క మొదలైతే కళ్లముందు నుంచి కొంగ పోయి అంకెలు వస్తాయి. మొదట్లో మరీ ఎక్కువసేపు ఆగినా తొందరపెట్టకండి. ఆ నిశ్శబ్దంలో పిల్ల కళ్లు చూడండి. నీటిని చూస్తున్నట్టు కిందికి వాలితే పాఠం పట్టుబడినట్టే.

తర్వాత ‘టప్పున’. చిన్నపిల్లలు దీన్ని ‘తప్పున’ అంటారు. ‘త’కు నాలుక పళ్లను తాకుతుంది, ‘ట’కు వెనక్కి మడిచి అంగిలిని తాకాలి. ‘తాటాకు’ అనిపించండి, రెండూ అందులోనే ఉన్నాయి. ‘ప్ప’ దగ్గర పెదాలు ఒక్క క్షణం మూతపడి ఉండాలి. ‘టపున’ అంటే ఒక మాత్ర తగ్గి తాళం కుంటుతుంది. పక్క గదిలోకి వినపడేలా అరవమనకండి, ముక్కు నీటిని తాకినంత చిన్న చప్పుడు చాలు.

చేతుల సంగతి. మా పెద్దవాడికి నేను అభినయమే ముందు నేర్పాను. వాడు గేయం చెప్పినంతసేపూ నా చేతులకేసే చూశాడు, కొంగ వాడికి కనపడనే లేదు. అందుకే ఈ వారం చేతులు ఊరికే కిందికి వదిలేయనివ్వండి. ‘ఎగిరెను’ దగ్గర వాటంతట అవే లేస్తే లేవనివ్వండి. మన గోదావరి సాగదీత పలుకులో వినిపిస్తే దిద్దకండి, పిల్ల అమ్మమ్మతో మాట్లాడే గొంతు అదే.

రోజుకు మూడుసార్లు మించి వద్దు. నాలుగో రోజున అరుగు మీద అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి, ఆరడుగుల దూరంలో పిల్లను నిలబెట్టండి. మొబైల్ లోపల పెట్టేయండి, కెమెరా చూస్తే పిల్లలకు టెన్షన్. ‘చేపను చూసెను’ తర్వాత పిల్ల ఆగినప్పుడు మరిచిపోయిందనుకుని పెద్దవాళ్లు ‘టప్పున’ అని అందించేస్తారు. అందించవద్దని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.